కొండ మీద అలకపాన్పు

ఆ రోజుల్లో అనగానే లాంతర్లూ గుర్రబ్బళ్ళూ ఊహించుకోకండి. నేను చెప్పేది మొన్న మొన్నటి సంగతే. చేతిలో సెల్‌ఫోను, అందులో ఇంటిల్లిపాదీ ఉన్న వాట్సాప్ గ్రూపు, ఆ గ్రూపులో తెల్లారకుండానే దేవుడి బొమ్మలూ, అన్నీ ఉన్న రోజులే. కాకపోతే నాకప్పుడు కొత్తగా పెళ్ళయింది. కొత్తగా పెళ్ళయిన మగవాడికి ఓ ఏడాది పాటు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని గౌరవం ఒకటి అంటుకుంటుంది. కుర్చీ ముందు అతనికే, కాఫీ ముందు అతనికే, విస్తట్లో నెయ్యి ముందు అతనికే. అందులోనూ గోదావరి జిల్లాల్లో అల్లుడంటే ఇంక చెప్పక్కర్లేదు. ఆ మర్యాదకి అలవాటు పడిపోయి, ఇదంతా మన గొప్పతనం చూసే చేస్తున్నారనుకునే అమాయకత్వం కూడా ఆ ఏడాదిలోనే ఉంటుంది. నా అమాయకత్వం మారేడుమిల్లి అవతల ఒక కొండ మీద, చెట్ల నెత్తిన, ముక్కూ మొహం తెలియని జనమంతా తలెత్తి చూస్తుండగా వదిలింది. ఎలా వదిలిందో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. (షాపులో ఒక్కణ్ణే ఉన్నప్పుడు గుర్తొచ్చినా సరే, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసుకుంటాను.)

మాది రాజమండ్రిలో పప్పుల దుకాణం. తాతల నాటి నుంచీ గల్లాపెట్టె ముందు కూర్చునే వంశం. మా వాళ్ళకి ఎత్తంటే గోడౌన్లో బస్తాల మీద బస్తాలు వేసిన ఎత్తే. దాని మీదకి కూడా మేం ఎక్కం, కింద నిలబడి చెయ్యి చూపిస్తాం. మా అత్తవారిది భీమవరంలో స్టీలు సామాన్ల కొట్టు. మా మావగారు ఒకటే మాట మనిషి. గిన్నె ధర చెప్పారంటే అదే ధర. ఎవరైనా బేరమాడారంటే గిన్నె వెనక్కి తీసుకుని అరలో పెట్టేసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చుంటారు. ఇక ఆ గిన్నె ఆ మనిషికి అమ్మరు. అంతటి మనిషికీ ఒక్కటంటే ఒక్క బలహీనత ఉంది. అల్లుళ్ళ అలకంటే ఆయనకి పై ప్రాణాలు పైనే పోతాయి.

దానికి కారణం మా తోడల్లుడు, అంటే మా ఆవిడ అక్కగారి భర్త. ఇంట్లో అందరూ పెద్దల్లుడుగారు అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. ఆయన పెళ్ళిలో మొదలుపెట్టిన అలక, ఇల్లు మారినట్టు ఒక కారణం నుంచి ఇంకో కారణానికి మారుతూ వచ్చిందే తప్ప తీరలేదు. శుభలేఖలో పేరు కింద పడిందని ఓసారి, కూరలో జీడిపప్పు పక్కాయనకి ఎక్కువ పడిందని ఓసారి. అలిగితే అరవరు, కొట్టరు, తిట్టరు. మాట్లాడరు, అంతే. నెలల తరబడి మాట్లాడరు. అక్కడ మా వదినగారు ఇంట్లో గోడలతో మాట్లాడుకుంటూ ఉంటే, ఇక్కడ భీమవరంలో మా మావగారు, "ఎక్కడ లోటు చేశామే?" అని మా అత్తగారిని అడుగుతూ ఉంటారు. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల మా ఆవిడ. ఈ విషయం నాకు అప్పట్లో సగమే తెలుసు. మిగతా సగం ఆ కొండ మీద తెలిసింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పెళ్ళిలో మనకి అలకపాన్పు ముచ్చట ఉంది కదా. పెళ్ళికొడుకు మంచమెక్కి మొహం అటు తిప్పుకుని కూర్చోవాలి, అత్తింటివారు వచ్చి బతిమాలాలి, ఏదో ఒకటి ఇస్తామని ఒప్పించి దింపాలి. వేడుకే అది, అందరూ నవ్వుకోవడానికే. నా పెళ్ళిలో నన్నూ ఎక్కించారు. కానీ ఉదయం నుంచీ ఏమీ తినలేదేమో, భోజనాల వైపు నుంచి పనసపొట్టు కూర తాలింపు వాసన వచ్చేసరికి, ఎవరూ బతిమాలకముందే నేను మంచం దిగి వడ్డన వైపు నడిచిపోయాను. అందరూ పగలబడి నవ్వారు. మా మావగారు నవ్వలేదు. అలక తీరకుండానే అల్లుడు లేచి వెళ్ళిపోయాడు, లోపల ఏం పెట్టుకున్నాడో అని ఆ రోజు నుంచీ ఆయనకి బెంగ పట్టుకుందట. నేనేమో రెండోసారి కూర వేయించుకోవడంలో ఉన్నాను.

సరే, పెళ్ళయిన కొన్నాళ్ళకి అందరం కలిసి ఎక్కడికైనా వెళ్దామన్నారు. మామూలుగా అయితే ఏ అన్నవరమో వెళ్ళి వచ్చేసేవాళ్ళం. కానీ మా బావమరిది భీమవరంలో ఇంజనీరింగు చదువుతున్నాడు, వాడికి కొండలెక్కే పిచ్చి కొత్తగా పట్టింది. ట్రెక్కింగుకి వెళ్ళాల్సిందేనని పట్టుబట్టాడు. మా అత్తగారు, కొండ పైన గుడి ఉందా అని అడిగారు. ఉందన్నాడు వాడు. (లేదు.) అలా మేం ఏడుగురం, డెబ్బైమందికి సరిపడా పిండివంటలు, వ్యాన్లో బయల్దేరాం. కిటికీ పక్క సీటు నాకిచ్చారని పెద్దల్లుడుగారు రంపచోడవరం దాకా ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ తర్వాత ఆ సీటు ఆయనకిచ్చినా మాట్లాడలేదు.

కొండ మాత్రం నిజంగా పెద్దదే. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం దాటాక గానీ పైకి చేరలేదు. చెప్పుకుంటే బాగుండదు గానీ, ఆ రోజు నేను నడిచిన నడక చూసి నాకే ఆశ్చర్యం వేసింది. అల్లుడుగారు ముందుండాలి కాబట్టి నన్ను ముందు నడిపించారు. వెనక అందరూ చూస్తున్నారు కాబట్టి నేను ఆగలేదు. మా అత్తగారి చేతిలోని క్యారియర్ తీసుకున్నాను, కాసేపటికి సంచీ కూడా తీసుకున్నాను, వాగు దాటేటప్పుడు ఆవిడకి చెయ్యి అందించాను. పైకెళ్ళాక మబ్బులు మన పక్కనే పోతుంటే, కండువాతో మొహం తుడుచుకుంటూ మా మావగారు, "పప్పుల కొట్టులో కూర్చునే మనిషనుకున్నాను. పులండి బాబూ మీరు," అన్నారు. ఆ మాటకి నేను పొంగిపోయానని వేరే చెప్పాలా? తిరిగి దిగేటప్పుడు ఇంకా కాస్త గంభీరంగా దిగాను. కాలి కింద నేల ఉన్నంతసేపే నేను పులినన్న సంగతి నాకప్పటికి తెలియదు.

ఆ సాయంత్రం, మర్నాడూ విశ్రాంతి. వాగు పక్కనే గుడారాలు వేసిన క్యాంపు అది. ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడుచుకుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంటే పిక్కల్లోంచి నొప్పి వాగులోకి జారిపోతున్నట్టుండేది. క్యాంపు వాళ్ళు బొంగులో చికెన్ చేస్తుంటే ఆ వాసన సోకని మూల వెతుక్కుని, మా అత్తగారు పాత చీర పరిచి తన వంటిల్లు విప్పారు. పులిహోర, దద్దోజనం, జంతికలు, ఆత్రేయపురం పూతరేకులు. చెట్లకి కట్టిన వలల ఉయ్యాలలో నేను పడుకుంటే, చేతికి అందేంత దూరంలో పూతరేకుల డబ్బా పెట్టారు. నోట్లో పెట్టుకోవడం, కళ్ళు మూసుకోవడం, మళ్ళీ నోట్లో పెట్టుకోవడం. నా జీవితంలో అంత సుఖం మళ్ళీ ఎరగను. అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ కథ లేదు.

మా బావమరిది ఆగనివ్వలేదు. మర్నాడు టిఫిన్లయ్యాక వచ్చి, ఇంత దూరం వచ్చి నిద్రపోతారేంటి బావగారూ, ఇక్కడ అడ్వెంచర్లు బోల్డున్నాయి, జిప్‌లైన్ ఉంది రండి అన్నాడు. తెలియని వారి కోసం చెప్తున్నాను: జిప్‌లైన్ అంటే ఈ కొండ మీద ఒక మంచె, అవతల కొండ మీద ఇంకో మంచె, మధ్యలో లోయ మీదుగా ఇనప తాడు. నడుముకి బెల్టులు కట్టి, ఆ తాడుకి తగిలించి, మనల్ని గాల్లోకి వదిలేస్తారు. ఎవరు ముందు వెళ్ళాలన్న ప్రశ్న రాగానే మా మావగారు ఇంకో ఆలోచన లేకుండా, "ముందు అల్లుడుగారు," అన్నారు. మా వైపు మర్యాద అంతే. స్వీటైనా, సీటైనా, లోయైనా ముందు అల్లుడికే. పెద్దల్లుడుగారికి ఆ ముక్క కూడా గుచ్చుకుంది గానీ, ఆయన అప్పటికే మాట్లాడకుండా ఉన్నారు కాబట్టి కొత్తగా మానేయడానికి ఏమీ మిగల్లేదు.

మంచెకి చెక్క మెట్లున్నాయి. దర్జాగా ఎక్కాను. వెనక్కి తిరిగి అందరికీ చెయ్యి కూడా ఊపాను. పైన ఉన్న ఆపరేటరు నాకు హెల్మెట్ పెట్టి, బెల్టులు బిగించి, కొక్కెం తగిలించి, అంచున నిలబడమన్నాడు. నిలబడి కిందకి చూశాను. చూడకుండా ఉండాల్సింది. నేను ఎక్కొచ్చిన వైపు మంచె కింద నేల ఉంది, జనం ఉన్నారు. అంచు అవతల ఏమీ లేదు. చాలా కిందన చెట్ల తలలు, వాటి మధ్య సన్నగా తెల్లదారంలాగా, నిన్న నేను కాళ్ళు పెట్టుకున్న వాగే లోయలోకి దిగి పోతోంది. పక్కన స్తంభం ఉంటే వాటేసుకున్నాను. ఆపరేటరు, పర్లేదు సార్, కూర్చోండి, కూర్చుని కాళ్ళు వదిలేయండి, అదే వెళ్ళిపోతుంది అన్నాడు. ఆ మాటలో కూర్చోవడం వరకూ నాకు నచ్చింది. అంచు నుంచి వీలైనంత వెనక్కి జరిగి, ఆ స్తంభం వదలకుండానే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. లోయ వైపు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి, కింద మా వాళ్ళ వైపు చూస్తే సిగ్గేస్తోంది. అందుకని రెండు వైపులా కాకుండా కొండ వైపుకి మొహం తిప్పుకున్నాను.

ఇప్పుడు మీరు ఒక్కసారి కిందకి దిగి మా అత్తవారి కళ్ళతో చూడండి. నాలుగు కోళ్ళ మీద ఎత్తుగా చెక్క మంచె. దాని మీద కొత్తల్లుడు. బాసింపట్టు. మొహం అటు.

మా అత్తగారే ముందు చూశారట. "ఏవండీ, చిన్నల్లుడుగారు మొహం అటు తిప్పుకుని కూర్చున్నారు," అన్నారట. మా మావగారి చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయిందట. ఇదంతా తర్వాత మా బావమరిది చెప్పిందే. ఆ వెంటనే ఎక్కడ లోటు జరిగిందన్న విచారణ మొదలైంది. పొద్దున్న పెద్దల్లుడుగారి అలక తీర్చే హడావిడిలో ఇడ్లీల ప్లేటు ముందు ఆయనకిచ్చారు, నాకు తర్వాత ఇచ్చారు. దొరికింది కారణం. (నాకు ఇడ్లీలు ఎప్పుడొచ్చాయో కూడా తెలియదు, పూతరేకులు తింటున్నాను.) పెళ్ళిలో తీరని అలక ఇన్నాళ్ళకి బయటపడిందని మా మావగారు తీర్మానించుకున్నారు. ముందు చేతులు ఊపి పిలిచారు. నేను తిరగలేదు, తిరిగితే పడిపోతానని భయం. దాంతో ఆయన అక్కడ నిర్వాహకుడి చేతిలో ఉన్న మైకు తీసుకున్నారు.

లోయలో మైకు ఎలా మోగుతుందో మీకు తెలుసా? మాట ఒకసారి అంటే అవతల కొండ దాన్ని మళ్ళీ అంటుంది. "అల్లుడుగారండీ," అన్నారు మా మావగారు. కొండ కూడా అంది. "మా వల్ల పొరపాటేదైనా జరిగితే పెద్ద మనసుతో క్షమించాలండి. ఇడ్లీల విషయంలో మాకు తెలీకుండా జరిగిందండి." క్యాంపులో ఉన్న జనమంతా తలెత్తారు. వాగులో స్నానాలు చేస్తున్నవాళ్ళు తువ్వాళ్ళు చుట్టుకుని వచ్చారు. ఆపరేటరు నా వైపు అదోలా చూసి, కింద వాళ్ళతో మాట్లాడుకునే వాకీటాకీ నా చేతిలో పెట్టాడు. నేను మాట్లాడితే కింద స్పీకర్లో వినిపిస్తుందన్నాడు. నాకు భయంగా ఉందని చెప్పాల్సిన క్షణం అదే. కానీ నిన్నటి పులి ఇంకా నాలో చావలేదు. ఏమీ లేదండి, నాకేమీ వద్దండి, మీరు కంగారు పడకండి అన్నాను.

నాకేమీ వద్దు అనే మాట అలిగిన ప్రతి అల్లుడూ ముందు అనే మాటేనన్న సంగతి నాకు తట్టలేదు. మా మావగారికి బాగా తెలుసు. ఆయన చేతి గడియారంతో మొదలుపెట్టారు. వద్దన్నాను. మోటారు సైకిలన్నారు. అయ్యో వద్దండి అన్నాను. నేను ఎంత గట్టిగా వద్దంటే ఆయనకి అలక అంత పెద్దదిగా వినిపిస్తోంది. ఆపరేటరు నా పక్కన చతికిలబడి, చాలా ఆత్మీయంగా, కారు అడగండి సార్, ఇచ్చేలా ఉన్నారు అన్నాడు. కింద గుంపులో ఒకావిడ, ఎవరో మాకు తెలియదు, మైకుకి దగ్గరగా నిలబడి, "చదువుకున్నవాడిలాగే ఉన్నాడు. సిగ్గుండక్కర్లా?" అంది. కొండ ఆ ముక్క కూడా వదల్లేదు. ఉండక్కర్లా, ఉండక్కర్లా అని నన్నే అడిగింది.

మెల్లిగా తల తిప్పి, స్తంభాన్ని వదలకుండానే, ఒక్క కంటితో కిందకి చూశాను. మా మావగారు మైకు చంకలో పెట్టుకుని వేలికున్న ఉంగరం లాగుతున్నారు. అది వాళ్ళ నాన్నగారిది. ఆయన దాన్ని తీయగా ఎవరూ చూడలేదు, అసలు రాదు కూడా. మా అత్తగారు కొబ్బరినూనె సీసా తెచ్చి వేలి మీద పోస్తున్నారు. "ఓ నిమిషం ఆగండి బాబూ, వచ్చేస్తోంది," అంటున్నారాయన. గిన్నె మీద ఒక్క రూపాయి తగ్గించమంటే కళ్ళజోడు తుడుచుకునే మనిషి, పరాయి జనం మధ్య నూనె కారే చేతులు రెండూ ఎత్తి నాకు దణ్ణం పెట్టారు. నన్ను కొట్టినా బాగుండేది. ఆ పక్కనే మా వదినగారు, మా ఆవిడ ఒక రాతి మీద కూర్చుని ఉన్నారు. వదినగారు చెల్లెలి వీపు మీద చెయ్యి వేసి ఉన్నారు. మా ఆవిడ తలెత్తి నా వైపు చూడటం లేదు. అందరూ నన్నే చూస్తున్న ఆ చోట నన్ను చూడని మనిషి ఆమె ఒక్కతే. తను కూడా నమ్మిందని అప్పుడర్థమైంది. నా మొహం మండిపోయింది. ఛీ, ఇదేం బతుకురా అనిపించింది.

వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాను. "మావయ్యగారండీ, నేను అలగలేదండి. నాకు భయమేస్తోందండి. కిందకి చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. కాళ్ళు వణుకుతున్నాయి. దిగడానికి కూడా భయంగా ఉందండి. అంతేనండి."

కొండ అంతా అప్పజెప్పింది. భయమేస్తోందండి, భయమేస్తోందండి అని లోయ చివరిదాకా పోయింది నా మాట. పోయిన పరువు పోయింది, ఇక ఏడుపో నవ్వో ఏదో ఒకటి వస్తుంది, దిగి ఇంటికి పోవచ్చు అనుకున్నాను. నిజానికి కాస్త తేలిగ్గా కూడా ఉంది. అప్పుడు మా మావగారు మళ్ళీ మైకు అందుకున్నారు.

"అంత మాటనకండి బాబూ," అన్నారు. "నిన్న కొండెక్కిన మనిషికి భయమేంటండి. మమ్మల్ని పదిమందిలో చిన్నబుచ్చడం ఇష్టం లేక మీరే తగ్గి భయమంటున్నారు. ఇలాంటి అల్లుడు దొరకడం మా అదృష్టమండి." అంతే, గుంపు మొత్తం చప్పట్లు కొట్టింది. ఇందాక నన్ను సిగ్గుండక్కర్లా అన్నావిడే కొంగుతో కళ్ళొత్తుకుందట. ఎంత సంస్కారమండీ, అలిగి కూడా మామగారి పరువు నిలబెట్టాడు అని ఎవరో అన్నారట. అబద్ధమాడి పట్టుబడితే సిగ్గుపడటం నాకు తెలుసు. నిజం చెప్పి, అది ఎవరూ నమ్మక, పైగా చప్పట్లు కొట్టించుకుంటే ఏ మొహం పెట్టాలో నాకెవరూ నేర్పలేదు. హెల్మెట్ ముందుకి లాక్కున్నాను.

కాసేపటికి మెట్ల మీద అలికిడైంది. మా ఆవిడ. చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఎవరి సాయమూ లేకుండా చకచకా ఎక్కి వచ్చింది. ఆపరేటరు మర్యాదగా మూలకి జరిగి ఫోను తీశాడు. తను నా ఎదురుగా కూర్చుని, నా చెయ్యి పట్టుకుని చూసింది. చల్లగా, చెమటతో తడిసి, గడగడా వణుకుతోంది నా చెయ్యి.

"నిజంగా భయమేనా?" అంది.

"నిజంగా."

"ఇడ్లీలు కాదా?"

"ఇడ్లీలేంటి?" అన్నాను.

తను నా మొహంలోకి పరీక్షగా చూసింది. తర్వాత కళ్ళనిండా నీళ్ళొచ్చాయి, ఆ నీళ్ళతోనే నవ్వు మొదలైంది. నవ్వి నవ్వి మంచె కదిలేలా నవ్వింది. (ఆ కదలడం నాకు నచ్చలేదు, స్తంభం ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.) నవ్వు తగ్గాక, కింద రాతి మీద ఒంటరిగా కూర్చుని ఉన్న వాళ్ళక్క వైపు ఒకసారి చూసి, నా హెల్మెట్ సరిచేస్తూ అంది: "మీరు ఎంతైనా భయపడండి. నాకేం పర్లేదు. కానీ ఎప్పుడూ అలగొద్దు. అక్క ఇంట్లో చూశాను, నా వల్ల కాదు."

అలాగే అన్నాను. పెళ్ళిలో పంతులుగారు చెప్పించిన మాటలు ఒక్కటీ నాకు గుర్తులేవు గానీ, ఆ అలాగే మాత్రం గుర్తుంది.

దిగడం గురించి ఎక్కువ చెప్పను. నిలబడి దిగలేను కాబట్టి కూర్చునే దిగాను, ఒక్కో మెట్టు మీద కూలబడుతూ. మా ఆవిడ రెండు మెట్లు కింద నాకు ఎదురుగా నిలబడి, కింద నేల కనపడకుండా చీర కొంగు అడ్డం పట్టింది. మెట్ల మీద వరసలో ఉన్నవాళ్ళంతా పక్కకి ఒత్తుకుని, పెళ్ళివారికి దారిచ్చినట్టు దారిచ్చారు. ఆ వైభవమంతా మా బావమరిది వీడియో తీశాడు. కింద మా మావగారు నూనె చేత్తో ఉంగరం పట్టుకుని నిలబడి ఉన్నారు. తీసుకోనంటే తీసుకోనన్నాను. ఆయన నన్ను వాటేసుకుని, నా కొత్త చొక్కా వీపంతా కొబ్బరినూనె పూశారు. ఆ తర్వాత మా ఆవిడ మళ్ళీ పైకెక్కి, బెల్టు కట్టుకుని, లోయ మీదుగా అటు కొండకి రివ్వున వెళ్ళిపోయింది. పోతూ పోతూ కేక వేసింది. భయంతో వేసిన కేక కాదని నేలమీద కూర్చున్న నాకు కూడా తెలిసింది. సరిగ్గా అప్పుడే మా అత్తగారు మావగారి భుజం తట్టి వెనక్కి చూపించారు. గడియారం, మోటారు సైకిలు, ఉంగరం అన్నీ వరసగా విన్న పెద్దల్లుడుగారు, చెట్టు కింద మొహం అటు తిప్పుకుని కూర్చుని ఉన్నారు.

ఇదంతా జరిగి ఇప్పటికి కొన్నేళ్ళయింది. మా మావగారు నన్ను ఈ రోజుకీ నమ్మలేదు. భీమవరం వెళ్ళినప్పుడల్లా కొట్లో ఎవరు కూర్చుని ఉంటే వాళ్ళకి నన్ను చూపించి, మా చిన్నల్లుడుగారు జన్మలో ఒక్కసారే అలిగారండి, అదీ మా పరువు కోసం భయమని చెప్పి దిగొచ్చేశారండి అంటారు. లేదండి, నిజంగా భయమేనండి అంటాను. చూశారా, ఇప్పటికీ ఎలా దాస్తున్నారో అని ఆయన వాళ్ళకి కన్ను గీటుతారు. వాళ్ళు నన్ను గౌరవంగా చూస్తారు. నేను గిన్నెల వైపు చూస్తాను. ఎక్కడ చూసినా స్టీలే కదా, అన్నిట్లోనూ నా మొహమే ఎర్రగా కనిపిస్తుంది. మా పెళ్ళిరోజున గ్రూపులో ఆ వీడియో ఎవరో ఒకరు పెడతారు. హెల్మెట్టు ముక్కు మీదకి జారి, మెట్టు మెట్టుకీ కూలబడుతూ దిగే ఆ కుర్రాణ్ణి చూస్తే సిగ్గుగానే ఉంటుంది, ఏమాత్రం తగ్గలేదు. కానీ ఈమధ్య వాడి మీద కాస్త జాలి, కాస్త ముద్దు కూడా వస్తున్నాయి. పాపం, ఎంత గట్టిగా పట్టుకున్నాడు మెట్ల పక్క కమ్మీ.

మొన్న మా దుకాణానికి ఎదురుగా పెద్ద సూపర్ మార్కెట్ తెరిచారు. గాజు తలుపులు, లోపల ఏసీ, పప్పులన్నీ మెరిసే ప్యాకెట్లలో. ఆ రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా భోజనానికి కూర్చున్నాను. పప్పు వేస్తే తిన్నాను, పులుసు వేస్తే తిన్నాను. మా ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేసి, ఇన్నేళ్ళుగా నేను ఎప్పుడు మూగబోయినా అడిగే ప్రశ్నే అడిగింది.

"అలకా, భయమా?"

ఎప్పుడు అడిగినా కోపంగా అలకేనని చెబుదామనిపిస్తుంది. నిజాయితీగా ఆలోచించి చూస్తే, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా అలక కాలేదు. పెద్దల్లుడుగారిని ఎవరైనా, ఎప్పుడైనా ఈ మాట అడిగి ఉంటారా అనిపించింది.

"భయమే," అన్నాను.

"అయితే పెరుగు వేసుకోండి," అని గిన్నె నా వైపు జరిపింది.